స్కీల మీద వచ్చిన కొలిమి మాస్టరు

సోవియట్ దేశంలో ఆటలాడి జీతం పుచ్చుకునేవాళ్లు ఒక్కరు కూడా లేరని అక్కడి క్రీడల సంఘం వారు ప్రకటించారు. ఆటకు జీతం ఇవ్వడం పెట్టుబడిదారీ దేశాలకు పట్టిన జబ్బు. తమ దగ్గర అందరూ శ్రామికులే. పగలంతా చెమటోడ్చి, సాయంత్రం కాస్త తీరిక దొరికితే సరదాగా ప్రపంచ రికార్డులు బద్దలు కొడతారు, అంతే.

ఈ ప్రకటన వల్ల చిక్కుల్లో పడ్డవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, జినైదా అర్హిపొవ్నా పడ్డంత దూరం వెళ్లి పడ్డవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఆమెది ఉత్తరాన అర్హంగెల్స్క్ అడవుల్లో లుజ్మా అనే చిన్న ఊరు. ఏడాదిలో సగానికి పైగా మంచే. తండ్రి యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. తల్లి ఆవుల దొడ్లో పనిచేసేది. జినైదా ఈడొచ్చీ రాగానే తపాలా ఉద్యోగంలో చేరింది. సంచి వీపున కట్టుకుని, కాళ్లకు స్కీలు తొడుక్కుని, అడవిలో ఊరూరూ ఉత్తరాలు పంచేది. స్కీలంటే మనిషిని మించిన పొడవున్న సన్నటి చెక్క బద్దలు. రెండు చేతులా రెండు కర్రలు పట్టుకుని పొడుచుకుంటూ, వాటి మీద మైదానాలూ మిట్టలూ దాటి జారిపోవాలి. చూడటానికి హాయిగా ఉంటుంది. చేసేవాళ్లకు మాత్రం ఊపిరితిత్తులు మండిపోతాయి. జినైదాకు ఆ మంటే ఇష్టం. గుప్పెడు మంచు అరచేతిలో నలిపి చూసి, ఆ పూట బద్దలకు ఏ మైనం రాస్తే బాగా జారుతుందో ఇట్టే చెప్పేది.

ఒకరోజు ఆమె వెళ్లే దారినే జిల్లా స్కీ పోటీలు పెట్టారు. ఆ సంగతి ఆమెకు తెలియదు. ముందు పోతున్నవాళ్లను "కాస్త తప్పుకోండి, ఉత్తరాలున్నాయి" అంటూ ఒక్కొక్కరినే దాటేసింది. చివర్న అడ్డంగా కట్టిన రిబ్బను ఛాతీకి తగిలి తెగిపోతే, ప్రభుత్వం వారి సొత్తు పాడుచేశానేమోనని భయపడి, ఆగి క్షమాపణ చెప్పుకుంది.

అక్కడ నిలబడ్డ అధికారి పేరు గ్లెబ్ రుదకోవ్. క్రీడల సంఘంలో కొత్తగా చేరిన కుర్ర అధికారి, పైకి రావాలనే ఆరాటం గలవాడు.

"ఏం పని చేస్తావమ్మాయీ?"

"ఉత్తరాలు పంచుతానండీ."

"స్కీల మీదేనా?"

"మరింకెలా వెళ్లను?"

రుదకోవ్ ముఖం వాడిపోయింది. "అంటే స్కీల మీద తిరిగినందుకు ప్రభుత్వం నీకు జీతం ఇస్తోందన్నమాట."

"కాదండీ, ఉత్తరాలు ఇచ్చినందుకు..."

"సంచీ తీసేస్తే మిగిలేది స్కీలే కదా! నువ్వు జీతానికి ఆడే మనిషివి. చాలా పెద్ద దోషం. అయినా భయపడకు, నేను కాపాడతాను."

కాపాడాడు. తపాలా ఉద్యోగం పీకించేసి, ఎక్కడో ఉరల్ కొండల్లో ఉన్న వెర్ఖోగోర్స్క్ ఉక్కు కర్మాగారంలో, ఇనుము కరిగించే కొలిమి దగ్గర సహాయకురాలిగా ఆమె పేరు రాయించాడు. ఆ ఊరు ఆమె చూడలేదు. ఇకమీదటా చూడనక్కర్లేదన్నాడు. జీతం కొలిమిది, తీరిక స్కీలది. ఆ తీరిక ఏడాది పొడుగునా ఉంటుందని, శిక్షణ శిబిరంలో దాన్ని గడపాలని కూడా చెప్పాడు.

ఆ తరవాత పదిహేనేళ్లకు పైగా జినైదాను ఆ దేశంలో మంచు మీద ఓడించినవాళ్లు తక్కువ. చివరి మిట్ట దగ్గర అందరి కాళ్లూ బరువెక్కే చోట ఆమె వేగం పెంచేది. ముందున్న మనిషి ఊపిరి చప్పుడు వినబడే దాకా వెళ్లి, ఆ చప్పుడు లయ తప్పిందా, ఇక దాటేయడమే. గమ్యం చేరాక మంచులో బోర్లా పడి దగ్గుతూ నవ్వేది. దేశంలో గెలిచింది, పై దేశాల్లో గెలిచింది. పతకాలను తల్లి పాత శాలువాలో చుట్టి దాచుకుంది. అవి ఎవరూ రాసిచ్చినవి కావు, తన కాళ్లతో తెచ్చుకున్నవి.

ఆమె గెలిచిన కొద్దీ వెర్ఖోగోర్స్క్‌లో కూడా ఆమె ఎదుగుతూ వచ్చింది. జిల్లా విజేత ఉత్త సహాయకురాలిగా ఉంటే బాగుండదని కొలిమి కార్మికురాలిని చేశారు. జాతీయ విజేత కాగానే ముఠా నాయకురాలు, ప్రపంచ విజేత కాగానే కొలిమి మాస్టరు. మంచు మీద మొదటి స్థానంలో ఉన్న మనిషి ఇనుములో వెనకబడి ఉండటం దేశానికి చిన్నతనం అని ఎవరికో తోచింది. ఆ ఏటి నుంచి ఉత్పత్తిలో కూడా ఆమే మొదటి స్థానం. ఆమె తీయని ఇనుము, తీసినవాళ్ల ఇనుము కంటే రెట్టింపయింది.

సన్మానానికని ఒకసారి ఆమెను ఆ కర్మాగారానికి తీసుకెళ్లారు. వేదిక దిగుతుంటే, సెగకు కనుబొమ్మలు కాలిపోయిన ఒక పెద్దాయన అడ్డం వచ్చాడు.

"నువ్వేనా జినైదా?"

"అవునండీ."

"నువ్వంత ఇనుము తీశావని చూపించి మా లక్ష్యం పెంచేశారమ్మా. మాకు ఆదివారాలు లేకుండా పోయాయి. ఏదీ, ఒక్కసారి నీ చేతులు చూపించు."

చూపించింది. కర్రలు పట్టి పట్టి అరచేతులు కాయలు కాసి ఉన్నాయి. ఆయన వాటిని తిప్పి తిప్పి చూశాడు. "పని చేసిన చేతులే," అన్నాడు అయోమయంగా. "కానీ ఇది మా పని కాదు."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. కనీసం ఆ కొలిమి ఎలా ఉంటుందో చూపించమని డైరెక్టరును అడిగింది.

"మాస్టరుకు కొలిమి చూపించడమా? అది మిమ్మల్ని అనుమానించడం అవుతుంది. అంత సాహసం నేను చెయ్యలేను," అన్నాడాయన.

జినైదా తిన్నగా రుదకోవ్ దగ్గరికి వెళ్లింది. అప్పటికి ఆమె పతకాల పుణ్యాన అతను రాజధానిలో పెద్ద కుర్చీలో ఉన్నాడు.

"నా పేరు ఆ కొలిమిలోంచి తీసెయ్యండి. నా వల్ల వాళ్లు చస్తున్నారు."

"తీసేస్తే నీకు పని లేనట్టు. పని లేనివాళ్లకు తీరిక ఎక్కడిది? తీరిక వేళ గెలవనిది జీతానికి గెలిచినట్టే. పతకాలన్నీ తిరిగి ఇచ్చెయ్యాలి. ఇస్తావా?"

ఆమె ఇవ్వలేకపోయింది.

చివరికి మోకాలు పాడై పోటీలు మానుకున్నప్పుడు, ఊరికి పోయి తల్లితోపాటు ఆవుల దొడ్లో పనిచేస్తానని అడిగింది. సంఘం వారు నిర్ఘాంతపోయారు. ప్రభుత్వం ఇన్నేళ్లు తీర్చిదిద్దిన మొదటి తరగతి కొలిమి మాస్టరు పేడ ఎత్తితే జాతి సంపద ఏమైపోవాలి? సరిగ్గా అదే సమయానికి ఇండియా నుంచి కబురు వచ్చింది. విశాఖపట్నానికి అవతల సముద్రపు ఒడ్డున, నల్లగెడ్డ అనే చోట, ఉభయ దేశాల స్నేహానికి గుర్తుగా ఒక ఉక్కు కర్మాగారం కడుతున్నారు. మొదటి కొలిమికి పంపే మనిషి సోవియట్ దేశంలో అందరికంటే ఎక్కువ బిరుదులు పొందిన మాస్టరు అయి ఉండాలని ఒప్పందం. జినైదా దరిదాపుల్లో ఎవరూ లేరు.

"నేను కొలిమిని చూడనైనా లేదు!" అని మొత్తుకుంది.

"వాళ్లూ చూడలేదు. అందుకేగా పిలుస్తున్నారు," అన్నాడు రుదకోవ్.

విశాఖపట్నంలో విమానం దిగగానే వేడి గప్పున ముఖానికి కొట్టింది. కొలిమి ఇక్కడే ఉందా అని అడిగిందామె. "లేదు మేడమ్, అది మా గాలి," అన్నాడు అనువాదకుడు పేరి కామేశం. రష్యన్ భాష మీద మోజుతో పదేళ్లు కష్టపడి నేర్చుకుని, దాన్ని మాట్లాడటానికి మనిషి దొరక్క అల్లాడుతున్నవాడు.

జనరల్ మేనేజర్ మేడిచర్ల శేషగిరిరావు స్వాగతోపన్యాసం ఇచ్చారు. "విదేశీ నిపుణుల వద్దనున్న పరిజ్ఞానమును సమగ్రంగా సంగ్రహించు నిమిత్తం, నిబంధనల ప్రకారం, ప్రతి నిపుణుని వెంట ఒక స్వదేశీ ప్రతినిపుణుని నియమించడమైనది. వారు అహర్నిశలు వీరి వెన్నంటి ఉండి పరిజ్ఞానమును పీల్చుకొందురు."

పీల్చుకోవలసిన మనిషి పేరు కోరాడ సింహాద్రి, అసిస్టెంట్ ఫోర్‌మన్. ఆరడుగుల ఎత్తు, వెడల్పాటి భుజాలు, చెవి కింద పాత గాయం మచ్చ. నాలుగు రోజులు ఆమె వెనకాలే నోరెత్తకుండా తిరిగాడు. ఐదో రోజున గెస్టు హౌసు వరండాలో కామేశాన్ని పక్కకు పిలిచాడు.

"బాబూ, ఈయమ్మతో ఓ మాట సెప్పండి. నాకీ కొలిమి సంగతి ఏటీ తెల్దండి. నాను కబాడీ ఆడతానండి. ఆటల కోటాలో నాకీ ఉద్దోగం ఇచ్చినారు. ఇన్నాళ్లూ కంపినీ తరపున కూతకెల్లడమే తప్పితే, ఇటికా ఇనుమూ ఎరగను. ఆవిడేటేటో సెప్పీసి, నాకు బుర్రకెక్కక రేపు ఆవిడికి మాటొస్తాదేమోనని బయ్యం."

కామేశం అనువదించాడు. జినైదా పగలబడి నవ్వింది. ఇండియా వచ్చాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. గోడ వారనున్న రెండు బూజు కర్రలు తీసుకుని, ఆ నున్నటి గచ్చు మీద వంగి, వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి కాళ్లు జార్చుకుంటూ వెళ్లి చూపించింది.

"ఏటిది?" అన్నాడు సింహాద్రి.

"ఇదేనట ఆవిడ ఆట," అన్నాడు కామేశం. అనేసి, తను అన్నది తనకే అర్థమై, గబగబా లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగాడు.

మాస్టరుకూ, ప్రతినిపుణుడికీ కూడా కొలిమి రాదన్న సంగతి ఆ రోజు నుంచి ముగ్గురికి తెలుసు. నాలుగో మనిషికి చెబుదామంటే నమ్మే మనిషి కావాలి.

కొలిమి వెలిగించడానికి ముహూర్తం ఖాయమైంది. ఢిల్లీ నుంచి మంత్రిగారు వస్తున్నారు. సోవియట్ బృందానికి నాయకుడిగా రుదకోవ్ దిగాడు. నిర్వాసితుల ఊళ్లలోంచి వచ్చిన వందలమంది కాంట్రాక్టు కూలీలు ఆ రోజు కొలిమి చుట్టూ ఉంటారు. సిద్ధంగా ఉందని జినైదా ఒక్క మాట అంటే చాలు.

ఆమె కొలిమి చుట్టూ తిరిగింది. తెలియని మనిషి కనుక కనబడినదల్లా అడిగింది. ఇదేమిటి? కొలిమి ఒంటిని చల్లగా ఉంచే నీళ్ల గొట్టం. ఎక్కడి నుంచి వస్తుంది? పైపుల విభాగాన్ని అడగమన్నారు. వాళ్లు నీటి విభాగాన్ని అడగమన్నారు. నీటి విభాగం వాళ్లు కొలిమి విభాగానిదే బాధ్యత అన్నారు. కొలిమి విభాగం వాళ్లు "అదేమిటి మేడమ్, మీకు తెలియకపోవడమేమిటి?" అని చేతులు కట్టుకుని నవ్వారు.

కొలిమికి నీళ్లు అందకపోతే ఏమవుతుందని కామేశం చేత అడిగించింది.

"పేలుద్దండి," అన్నాడు అక్కడున్న ఫిట్టరు, పెద్ద విశేషం కానట్టు.

ఆ రాత్రి ఆమె రెండు దారులూ ఆలోచించి చూసింది. సిద్ధంగా ఉందంటే, కింద నిలబడే ఆ జనం ఏమవుతారో తెలియదు. నాకు రాదని చెబితే, తను కొలిమి మనిషి కాదని ఒప్పుకున్నట్టు. అంటే జీతానికే ఆడినట్టు. శాలువాలో మూటకట్టిన పతకాలు పోతాయి. ఆ మిట్టలూ ఆ మంటా ఆ గెలుపూ జరగనట్టే అవుతాయి. మర్నాడు సమావేశంలో లేచి నిలబడి ఆ మాటే చెప్పింది.

"నాకు కొలిమి పని రాదు. ఒక్కరోజు కూడా చెయ్యలేదు. నేను స్కీ మనిషిని."

కామేశం మాటకు మాట తెలుగు చేశాడు.

రుదకోవ్ లేచాడు. "మా దేశంలో చెయ్యని పనికి జీతం తీసుకునే మనిషి ఉండడు. ఈమె మా దేశం మనిషి. కాబట్టి ఈమె చెప్పింది నిజం కాదు."

శేషగిరిరావు గారు చేతులు జోడించారు. "నిండు పాండిత్యమునకు ఇంతటి వినయము శోభస్కరమే. ఈ వినయమును మినిట్సులో నమోదు చేయవలసిందిగా ఆదేశిస్తున్నాను."

జినైదా ఒకరి తరవాత ఒకరి ముఖం చూసింది. నిజం చెప్పినా దిగడానికి వీల్లేని కుర్చీలో కూర్చున్నానని ఆమెకు అర్థమైంది. చివరి మిట్ట దగ్గర వచ్చే పట్టుదల లాంటిదేదో లోపల మొదలైంది.

"నేను మాస్టర్నే అంటారా?"

"నిస్సందేహంగా," అన్నారు ఇద్దరూ.

"ఇక్కడ నాకంటే పెద్ద మాస్టరు ఉన్నారా?"

"రెండు దేశాల్లోనూ లేరు," అన్నాడు రుదకోవ్ గర్వంగా.

"అయితే వెలిగించడానికి వీల్లేదు."

"కారణం?"

"ఆ నీళ్ల గొట్టం ఎక్కడి నుంచి వస్తోందో నాకెవరూ చెప్పలేదు. అది చెప్పేదాకా వెలిగించను. నా మాట తప్పని అనగల మాస్టరును తీసుకురండి."

అంత పెద్ద మాస్టరు రెండు దేశాల్లోనూ లేరని అప్పుడే ఒప్పేసుకున్నారు గనక, వెలిగించడం వాయిదా వేశారు. మంత్రిగారు కొబ్బరికాయ కొట్టి, వెలగని కొలిమికి దండం పెట్టి వెళ్లిపోయారు. తరవాత గొట్టం వెంబడి మనుషులను పంపించారు. అది కొలిమి వెనక గోడ దాకా వెళ్లి, అక్కడ ఆగిపోయి ఉంది. ట్యాంకు గోడకు అవతల చాలా దూరాన ఉంది. మధ్యలో ఏమీ లేదు. ఉన్నంత మేరకు మాత్రం మంచి నీలం రంగు వేశారు.

ఆమె పేరు మారుమోగిపోయింది. గోడ అవతల ఉన్నదాన్ని ఇవతల నుంచే పసిగట్టిన మహా మేధావి అన్నారు. సోవియట్ ప్రభుత్వం ఇంకో బిరుదిచ్చింది. శేషగిరిరావు గారు 'జినైదా పద్ధతి' అని ఒక సర్క్యులరు తీశారు. దాని ప్రకారం ప్రతి విభాగమూ వారానికొకసారి కారణం చెప్పకుండా పని ఆపాలి. ఆ పద్ధతిని పూర్తిగా పీల్చుకున్నందుకు కోరాడ సింహాద్రికి మాస్టరుగా పదోన్నతి వచ్చింది.

సింహాద్రి ఆ సాయంత్రం మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చి, ఇవ్వకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అమ్మా, రెండో కొలిమి నన్ను ఎలిగించమంటారట. ఇప్పుడేటి సెయ్యడం?"

ఆమెకు అప్పటికి నాలుగు తెలుగు ముక్కలు వచ్చు. "నేర్చుకోవడం," అంది. "నువ్వు, నేను. మొదటి నుంచి."

గొట్టం అతికించి కొలిమి వెలిగించడానికి నిజమైన కొలిమి మనుషులు వేరే చోట నుంచి వచ్చారు. వాళ్ల దగ్గర ఇద్దరూ కూలీ పనితో మొదలుపెట్టారు. బంకమన్ను తొక్కారు, బూడిద ఎత్తారు. కరిగిన ఇనుము పారే కాలవకు ఇసుక పరిచారు. పై అధికారులు దీన్ని ఆకస్మిక తనిఖీ అనుకుని దూరంగా ఉండేవారు. జినైదా చేతులు రెండుసార్లు కాలాయి. ఇనుము నిండినప్పుడు కొలిమి గొంతు మారుతుందని మెల్లగా చెవికి తెలిసింది. ఇనుము బయటికి వదిలే రంధ్రానికి కొట్టిన మన్ను ఎప్పుడు పొడవాలో, ఎప్పుడు ఆగాలో తెలిసింది. కొన్నేళ్లు గడిచేసరికి కొత్తగా వచ్చినవాళ్లకు ఆమే నేర్పేది, అదీ కూలీల భాషలో. "ఓలమ్మా, అటెల్లకండర్రా, నిప్పు కాలవ!" అని ఆమె అరుస్తుంటే కామేశానికి చెయ్యడానికి పని ఉండేది కాదు. అందరూ ఆమెను జీనమ్మ అనేవారు.

ఈలోగా సోవియట్ దేశంలో గాలి మారింది. దాపరికం లేకుండా నిజం చెప్పాలనే కొత్త ఉత్సాహం బయలుదేరింది. ఆ ఉత్సాహానికి క్రీడల సంఘం తరపున బాధ్యుడిగా ఎవరిని వేశారో చెప్పనక్కర్లేదు. రుదకోవ్ మళ్లీ నల్లగెడ్డకు వచ్చాడు, జనరల్ మేనేజరును వెంటబెట్టుకుని నేరుగా కొలిమి దగ్గరికే వచ్చాడు.

"సంతోషించు. ఆటగాళ్లకు ఇచ్చిన అబద్ధపు ఉద్యోగాలన్నీ రద్దు చేశాం. నువ్వు ఏనాడూ కొలిమి మాస్టరువి కావు. స్కీ క్రీడాకారిణివే. సగర్వంగా ప్రకటిస్తున్నాం."

"మరి నా పతకాలు?"

"నీవే. ఇప్పుడు జీతానికి ఆడటం తప్పు కాదు."

ఆమె గుండెల మీద నుంచి ఏదో పెద్ద బరువు దిగింది. ముఖం తుడుచుకుని, "మంచిది. కానీ ఇప్పుడు నాకు నిజంగానే కొలిమి పని వచ్చు," అంది.

"అది కొత్త అబద్ధం. కొత్త అబద్ధాలకు అసలు అనుమతి లేదు."

"పదవి రద్దయిన వ్యక్తి కొలిమి ప్రాంగణంలో నిలుచుట భద్రతా నియమావళికి విరుద్ధము," అన్నారు శేషగిరిరావు గారు. "వారు తక్షణమే బయటికి దయచేయాలి."

కొలిమి గొంతు మారింది. ఆమె తల అటు తిరిగింది. పనివాళ్లు అందరూ ఆమె వైపే చూస్తున్నారు.

"నిండిపోనాదండి," అన్నాడొకడు. "ఇప్పుడు తియ్యాలండి."

"కాగితం ప్రకారం ఇచ్చట మాస్టరు ఎవరు?" అని శేషగిరిరావు గారు గద్దించారు.

"నానేనండి," అంటూ సింహాద్రి ముందుకు వచ్చాడు. "కాయితం మీదా నానే, పనిలోనా నానే. నాకీ పూట ఓ కూలి మనిసి తక్కువైనాదండి. కూలోళ్లని ఎట్టుకోడానికి పైవోళ్ల పర్మిసన్ అక్కర్లేదని తమరే సర్క్యులరు తీసినారు." ఆమె వైపు తిరిగాడు. "జీనమ్మా, పనిలోకి రా."

"వత్తన్నాను," అంది జీనమ్మ, గోడకు ఆనించిన పొడుగాటి ఇనుప కమ్మీ అందుకుంటూ.

రుదకోవ్ కామేశం చెయ్యి పట్టుకుని లాగాడు. "ఏమంటున్నారు వాళ్లు?"

"ఆవిడకు ఉద్యోగం దొరికిందటండీ."

"ఏం ఉద్యోగం? కాగితం ఏదీ?"

కామేశం జవాబు చెప్పబోయేలోగా కమ్మీ పోటుకు రంధ్రం మన్ను బద్దలైంది. ఎర్రటి వెలుగు ఒక్కసారిగా ఎగజిమ్మింది. రుదకోవూ, శేషగిరిరావు గారూ చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని మెట్ల దాకా వెనక్కి పరిగెత్తారు. జీనమ్మ పక్కకు ఒక్క అడుగు జరిగి, కాలవలో ఇనుము సరిగ్గా పారుతోందా లేదా అని వంగి చూసుకుంది.